గుడిబండ విమానాశ్రయం: భూమి కొలిచే ముందే వేళల ఒప్పందం రాయండి

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు, భారత వాయుసేన అధికారులకు, ఉమ్మడి పాలమూరు జిల్లా ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

రాష్ట్రంలో విమానాశ్రయాలకు పనికొస్తాయా అని పరిశీలించిన ఆరు చోట్లలో దేవరకద్ర దగ్గరి గుడిబండ ఒకటి. మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్‌లలో పాత ఎయిర్‌స్ట్రిప్‌లున్నాయి. జక్రాన్‌పల్లి, పాల్వంచ, గుడిబండ పూర్తిగా కొత్త చోట్లు. 2025లో మామునూరుకు కేంద్రం అనుమతి వచ్చింది. ఆదిలాబాద్‌లో తన స్థలం నుంచి పౌర విమానాలు కూడా నడవడానికి వాయుసేన ఒప్పుకుంది. దాంతో పాలమూరులోనూ వాయుసేనను కలుపుకుంటే పని ముందుకు కదులుతుందన్న ఆలోచన రావడం సహజం.

ఆ ఆలోచనను మేము కాదనడం లేదు, బలపరుస్తున్నాం. మహబూబ్‌నగర్ నుంచి జాతీయ రహదారి 44 ఎక్కితే శంషాబాద్ రెండు గంటల లోపే వస్తుంది. ఇంత దగ్గరలో పెద్ద విమానాశ్రయం ఉన్నప్పుడు గుడిబండకు మొదట్లో రోజుకు ఒకటో రెండో ఏటీఆర్ (చిన్న ఊళ్లకు నడిచే ప్రొపెల్లర్ రకం) విమానాల కన్నా ఎక్కువ రావు. ఆ రెండింటి కోసం టవర్, అగ్నిమాపక దళం, వాతావరణ కేంద్రం, కాపలా అన్నీ పెట్టి పోషించడం ఏ సంస్థకైనా భారమే. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద విమాన సంస్థకు ఇచ్చే లోటు భర్తీ మూడేళ్ల వరకే. సైన్యం కూడా ఆ రన్‌వేను వాడితే ఖర్చు పంచుకోవచ్చు, విమానాలు తగ్గిన రోజుల్లోనూ రన్‌వే పాడుబడదు. ఉమ్మడి వాడకంలోని అసలు లాభం ఇదే.

అయితే ఉమ్మడి విమానాశ్రయాన్ని నిలబెట్టేదీ, పడగొట్టేదీ టెర్మినల్ అందమో రన్‌వే పొడవో కాదు. ఏ గంట ఎవరిది, ఆలస్యమైతే ఏం చేయాలి, చెడితే ఎవరు బాగుచేయాలి అని రాసుకున్న కాగితం. మిగతా చోట్ల అది ఆఖరున, అతిథి హోదాలో సంతకం పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ అన్నిటికన్నా ముందు రాసుకునే అవకాశం ఉంది. దాన్ని వదులుకోవద్దని అడగడానికే ఈ లేఖ.

మన దేశంలో ఇలాంటివి చాలా వరకు ఒకే తీరున పుట్టాయి. సైన్యం రన్‌వే ముందే ఉంటుంది. పక్కన కొంత భూమి తీసుకుని విమానాశ్రయాల సంస్థ టెర్మినల్, విమానాలు నిలిపే ఏప్రన్, అక్కడి నుంచి రన్‌వేకు కలిపే లింక్ టాక్సీవే కట్టుకుంటుంది. దాన్నే సివిల్ ఎన్‌క్లేవ్ అంటారు. రన్‌వే, టవర్ సైన్యం చేతిలోనే ఉంటాయి. విశాఖలో నౌకాదళం ఐఎన్ఎస్ డేగా, గోవా దబోలింలో ఐఎన్ఎస్ హన్సా, పుణె, బాగ్‌డోగ్రా, దర్భంగా, మన పొరుగున బీదర్ అన్నీ ఈ తీరువే. ఇల్లు వాళ్లది కాబట్టి వేళలు వాళ్లు చెప్పినట్టే నడుస్తాయి, అందులో తప్పు పట్టడానికి లేదు. గుడిబండలో మాత్రం ఇప్పటికి ఎవరి రన్‌వే లేదు. రన్‌వే యాజమాన్యం విమానాశ్రయాల సంస్థ దగ్గరో, రాష్ట్రం దగ్గరో ఉంచి, వాయుసేనకు ఒక పక్కన తన ఎన్‌క్లేవ్ ఇవ్వవచ్చు. భువనేశ్వర్, కొచ్చిలలో పౌర విమానాశ్రయంలోనే తీర రక్షక దళం ఎయిర్ ఎన్‌క్లేవ్ నడుపుకుంటోంది. అలా కాదు, రన్‌వే వాయుసేనదే కావాలంటే అదీ సరే. కానీ అప్పుడు పౌర విమానాల వేళలు అనుగ్రహంగా కాకుండా హక్కుగా ఒప్పందంలో ఉండాలి.

వేళల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి, ఎందుకంటే పాలమూరు ఎండలో ఇదే అన్నిటికన్నా చిక్కు విషయం.

వాయుసేన శిక్షణ విమానాలకు పొద్దుటి పూట కావాలి. గాలి నిలకడగా ఉంటుంది, నేల వేడెక్కి ఎగిసే సుడులు ఇంకా మొదలవవు, కొత్త పైలట్ చేతికి విమానం అదుపులో ఉంటుంది. గోవాలో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 8.30 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు పౌర విమానాలను ఆపి నౌకాదళ శిక్షణకు కేటాయించిన కారణాల్లో ఇదొకటి. పౌర విమానాలకూ పొద్దుటి పూటే కావాలి. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకు పైకెత్తే బలం దొరుకుతుంది, ఇంజన్ బలం తగ్గదు.

ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ రన్‌వే డిజైన్ మాన్యువల్ ప్రకారం సముద్ర మట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు రన్‌వే పొడవు 7 శాతం పెంచాలి. ఆ తర్వాత, ఆ ఎత్తుకు ప్రామాణికంగా ఉండాల్సిన ఉష్ణోగ్రత కన్నా ప్రతి డిగ్రీ వేడికి 1 శాతం చొప్పున పెంచాలి. నిండు బరువుతో ఏటీఆర్-72కు సముద్ర మట్టం దగ్గర 1,350 మీటర్లు కావాలనుకుందాం. గుడిబండ ప్రాంతాన్ని 450 మీటర్ల ఎత్తుగా తీసుకుంటే అది 1,492 అవుతుంది. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 12 డిగ్రీలు. మే నెల పగటి గరిష్ఠాల సగటును 40 అనుకుంటే 28 శాతం కలపాలి, 1,909 మీటర్లకు చేరుతుంది. మొత్తం పెంపు 41 శాతం. పెంపు 35 శాతం దాటితే ఈ గుణకాలతో సరిపెట్టుకోకుండా ప్రత్యేక అధ్యయనం చేయించాలని ఆ మాన్యువలే చెబుతుంది. కాబట్టి గుడిబండకు మామూలు నివేదిక సరిపోదు. ఆ అధ్యయనం చేయించారా లేదా అన్నది మా మొదటి ప్రశ్న.

అదే లెక్కను గంటల్లోకి మార్చండి. ఎండాకాలం పొద్దున్నే 28 డిగ్రీలున్నప్పుడు ఆ విమానానికి 1,730 మీటర్లు చాలు. మధ్యాహ్నం 43 డిగ్రీలైతే 1,950 దాటాలి. రన్‌వే 1,800 మీటర్లే ఉంటే విమాన సంస్థ సీట్లు ఖాళీగా ఉంచుతుంది, లేదంటే సామాన్లు దించేస్తుంది. అలా రెండు నెలలు నడిచాక నష్టం వస్తోందని సర్వీసే ఎత్తేస్తుంది. పొద్దుటి గంటలన్నీ శిక్షణకు వదిలి మధ్యాహ్నం పౌర విమానాలకు ఇస్తే, కాగితం మీద ఎనిమిది గంటలు ఇచ్చినా ఎండాకాలంలో అవి అక్కరకు రావు.

మా సూచన ఇది. ఉదయం 6 నుంచి 7.30 వరకు, సాయంత్రం 5.30 నుంచి 8 వరకు పౌర విమానాలకు ముందు హక్కు. ఉదయం 7.30 నుంచి 12.30 వరకు వాయుసేనకు ముందు హక్కు. మిగతా పగలు ఉమ్మడి. శని, ఆదివారాలు రోజంతా పౌర విమానాలకు. పౌర విమానాలను రోజంతా చెల్లాచెదురుగా కాకుండా గుంపుగా పెట్టాలి. కారణం ఉంది. ఏటీఆర్ వెనక తేలికపాటి శిక్షణ విమానం దిగాలంటే మధ్యలో 5 నాటికల్ మైళ్ల ఎడం ఉండాలి, రాడార్ లేకుంటే 3 నిమిషాలు. ఏటీఆర్ దిగేటప్పుడు ఒకసారి, అరగంటకు అది ఎగిరేటప్పుడు ఇంకోసారి శిక్షణ సర్క్యూట్‌ను, అంటే రన్‌వే చుట్టూ శిక్షణ విమానాలు తిరిగే దారిని, ఖాళీ చేయించాలి. రెండు విమానాలను వెంటవెంట పెడితే రెండు అంతరాయాలతోనే రెండూ వచ్చి వెళ్లిపోతాయి. వేర్వేరు గంటల్లో పెడితే శిక్షకుడికి నాలుగు అంతరాయాలు, పైగా ప్రతిసారీ గాల్లో వేచి ఉండే శిక్షణ విమానాల ఇంధనం దండగ.

ఆలస్యానికి విడిగా ఒక నిబంధన రాయాలి. చిన్న ఊళ్లకు వచ్చే ఏటీఆర్ రోజుకు ఐదారు అంచెలు తిరుగుతుంది. తొలి అంచెలో ఇరవై నిమిషాలు జారితే నాలుగో అంచెకు గంట అవుతుంది. 7.30 దాటి వచ్చిన విమానాన్ని సైన్యం వేళ పేరుతో దిగనివ్వకపోతే పైలట్ గాల్లో ఎదురుచూడడు. శంషాబాద్ పక్కనే ఉంది, అటు వెళ్లిపోతాడు. ప్రయాణికులు బస్సులో వెనక్కి వస్తారు, గుడిబండలో ఎదురుచూస్తున్నవాళ్ల టికెట్లు రద్దవుతాయి. ఇలా నెలకు నాలుగుసార్లు జరిగితే జనం నేరుగా శంషాబాద్‌కే వెళ్లడం అలవాటు చేసుకుంటారు. అందుకే 45 నిమిషాల వరకు ఆలస్యమైన విమానాన్ని సైన్యం వేళలోనూ దించుకోవాలని, దానికి టవర్ డ్యూటీ అధికారి నిర్ణయం చాలునని, పై అధికారుల అనుమతి కోసం ఫోన్లు తిరగాల్సిన పని లేదని రాయాలి. వేళల మార్పు ఏడాదికి రెండుసార్లే ఉండాలి. విమాన సంస్థల వేసవి షెడ్యూలు మార్చి ఆఖరి ఆదివారం, శీతాకాలం షెడ్యూలు అక్టోబర్ ఆఖరి ఆదివారం మొదలవుతాయి. సైన్యం వేళలు కూడా ఆ తేదీలకే మారితే, టికెట్లు అమ్ముడుపోయాక రద్దు చేసే అవస్థ ఉండదు. దేశ భద్రత కోసం ఉన్నట్టుండి మూయాల్సి వస్తే అది వేరు. 2025 మే నెలలో ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను మూసినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

విమానం రన్‌వే మీద ఎక్కువసేపు ఉండాల్సిన అవసరం లేకుండా కట్టడం రెండో ముఖ్య విషయం. ఖర్చు తగ్గించాలని సమాంతర టాక్సీవే లేకుండా కడితే, దిగిన విమానం రన్‌వే చివర గుండ్రంగా తిరిగి అదే రన్‌వే మీద వెనక్కి రావాలి. ఆ నాలుగైదు నిమిషాలు ఇంకే విమానమూ దిగలేదు, ఎగరలేదు. ఒంటరి పౌర విమానాశ్రయంలో అది పెద్ద లెక్క కాదు, శిక్షణ విమానాలు వరసలో ఉన్నచోట పొద్దున్నంతా గందరగోళమే. మొదటి దశలోనే కనీసం సగం పొడవుకైనా సమాంతర టాక్సీవే వేయండి. ఏప్రన్ మీద ఏటీఆర్‌లకు మూడు చోట్లు ఉంచండి. రెండే ఉంటే, ఒక విమానం చెడిపోయి నిలిచిన రోజున రెండోది వచ్చి వెళ్లేదాకా మూడోది గాల్లోనే ఉండాలి.

విమానం రన్‌వే మీద ఆగిపోతే తీసేదెవరు? గోవాలో 2016 డిసెంబర్ 27న ఒక ప్రయాణికుల విమానం ఎగరబోతూ రన్‌వే పక్కకు జారింది. అదే చోట 2018 జనవరి 3న నౌకాదళం మిగ్-29కె ఎగరబోతూ అదుపు తప్పి మంటల్లో చిక్కింది. రెండుసార్లూ రన్‌వే మూతపడింది. తప్పు ఏ ఒక్కరి వైపే ఉండదు, కానీ తొలగించే సామగ్రి ఎవరి దగ్గర ఉందో, ఎన్ని నిమిషాల్లో వస్తుందో ముందే తేలాలి. టైరు పగిలిన ఏటీఆర్‌ను లాగడానికి లాగుడు కర్ర, జాకీలు, విమానాన్ని మోసే చక్రాల పీఠం గుడిబండలోనే ఉండాలి. హైదరాబాద్ నుంచి తెప్పిస్తామంటే సగం రోజు పోతుంది.

పోరాట విమానాలు వచ్చే రన్‌వేల చివర నైలాన్ వల నిలబెడతారు. ఆగలేకపోయిన విమానాన్ని పట్టి ఆపేది అదే. పౌర విమానం వచ్చేటప్పుడు అది నేలకు దిగి ఉండాలి. కరెంటు పోయినప్పుడో, స్తంభం మోటారు పట్టేసినప్పుడో అది సగంలో నిలుస్తుంది. ప్రతి పౌర విమానం దిగడానికి పది నిమిషాల ముందు వల కింద ఉందని కళ్లారా చూసి టవర్‌కు చెప్పే మనిషి పేరు డ్యూటీ చార్టులో ఉండాలి. మోటారు చెడితే చేత్తో దించే ఏర్పాటు ఉందో లేదో నెలకోసారి దించి చూడాలి.

రన్‌వే తారు మరమ్మతుల దగ్గరికి వద్దాం. పుణె 2021 అక్టోబర్ 16 నుంచి 29 వరకు పూర్తిగా మూతపడింది. బాగ్‌డోగ్రా 2022 ఏప్రిల్ 11 నుంచి 25 వరకు, డార్జిలింగ్‌కు పర్యాటకులు పోటెత్తే కాలంలో మూతపడింది. విశాఖలో రన్‌వే పనికి నెలల తరబడి రాత్రి విమానాలు ఆపాల్సి వచ్చింది. మరమ్మతు తప్పదు, వేసిన పదీ పదిహేనేళ్లకు పై పొర మళ్లీ వేయాల్సిందే. కానీ పూర్తిగా మూయకుండా రాత్రిపూట పొరలు వేస్తూ పగలు నడిపే పద్ధతి ఉంది. ఆ రాత్రి వేసిన కొత్త పొర అంచు దగ్గర ఏటవాలుగా తాత్కాలిక ర్యాంప్ కట్టాలి. పొర మందం 5 సెంటీమీటర్ల లోపైతే ఆ వాలు 0.5 నుంచి 1 శాతం, దాటితే 0.5 శాతం మించకూడదు. పొద్దున విమానాలు వదిలే ముందు తారు చల్లారాలి, గీతలు మళ్లీ వేయాలి, లైట్లు వెలగాలి. పని రన్‌వే ఒక చివర నుంచి మొదలుపెట్టి, ఎక్కువ విమానాలు ర్యాంప్ దిగే దిశలో వెళ్లేలా సాగాలి. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, కాబట్టి ఈ పని నవంబర్, ఫిబ్రవరి మధ్య పెట్టుకోవాలి, ఆ తేదీలు విమాన సంస్థలకు ఆరు నెలల ముందే చెప్పాలి. ఖర్చులో ఎవరి వాటా ఎంతో ఒప్పందంలో లేకపోతే, గుంతలు పడ్డాక రెండు శాఖల మధ్య ఫైలు తిరుగుతూనే ఉంటుంది.

రన్‌వే లైట్ల గురించి ఎవరూ మాట్లాడరు, రాత్రి విమానం రద్దయ్యేది మాత్రం తరచుగా వీటివల్లే. ఈ లైట్లు మన ఇంటి బల్బుల్లా విడివిడిగా వైరుకు తగిలించినవి కావు. ఒకే తీగ మీద వరసగా ఉంటాయి, రెగ్యులేటర్ ఆ తీగలో 6.6 ఆంపియర్ల కరెంటును నిలకడగా నడిపిస్తుంది. ప్రతి లైటు కింద ఒక చిన్న ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఒక బల్బు పోయినా మిగతావి వెలగడానికి. జబ్బు మొదలయ్యేది కనెక్టర్ల దగ్గర. వానకు గుంటల్లో నీళ్లు నిలుస్తాయి, కనెక్టర్‌లోకి చెమ్మ దిగుతుంది, ఇన్సులేషన్ పడిపోతుంది, కరెంటు నేలలోకి కారుతుంది. చివరి లైట్లు మసకబారే దాకా పైకి ఏమీ కనిపించదు. ఎర్ర చెల్కలో నీళ్లు తొందరగా ఇంకుతాయి కాబట్టి కొంత నయం. మధ్యలో నల్లరేగడి పట్టీలు తగిలితే అది వానకు ఉబ్బి, ఎండకు పగిలి పైపులను కదిలిస్తుంది, కీళ్లు ఊడతాయి. అక్కడ మట్టి తీసేసి మొరం నింపి పైపులు వేయండి. ప్రతి వానాకాలం ముందు, తర్వాత ఇన్సులేషన్‌ను మెగ్గర్ అనే పరికరంతో కొలిచి రిజిస్టర్‌లో రాయండి. రన్‌వే లైట్లను రెండు సర్క్యూట్లుగా, ఒకటి విడిచి ఒకటి కలిపితే, ఒకటి పడిపోయినా సగం లైట్లు మిగులుతాయి.

కరెంటు పోయినప్పుడు ఈ లైట్లు 15 సెకన్లలో, విమానాన్ని కిందికి దారి చూపించే ఐఎల్ఎస్ 10 సెకన్లలో తిరిగి రావాలని అంతర్జాతీయ ప్రమాణం. అందుకు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి రెండు 33 కేవీ లైన్లు, వెంటనే అందుకునే జనరేటర్ ఉండాలి. ఉమ్మడి చోట రన్‌వే పక్క తీగలు మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ చూస్తుంది, ఏప్రన్ పక్కవి విమానాశ్రయాల సంస్థ చూస్తుంది. లింక్ టాక్సీవే దగ్గర ఇద్దరి తీగలూ ఒకే కందకంలో పోతాయి. అక్కడ తవ్వేవాళ్లు ఇంకొకరి తీగ తెంపడం మామూలు. ఒకే మ్యాపు, తవ్వడానికి ఇద్దరి సంతకాలున్న అనుమతి చీటీ, ఇంతే కావాలి.

ఐఎల్ఎస్ మాటకు వస్తే, అది మొదటి దశలోనే పెట్టండి. దర్భంగాలో చలికాలం పొగమంచుకు విమానాలు వరసగా రద్దవడానికి సరైన దిగుడు పరికరాలు లేకపోవడం ఒక పెద్ద కారణమైంది. మనకు మంచు తక్కువే, కానీ వానాకాలం మబ్బు కిందికి దిగుతుంది. మొదటి శ్రేణి ఐఎల్ఎస్ ఉంటే 200 అడుగుల ఎత్తు వరకు వచ్చి, 550 మీటర్ల చూపుతో దిగవచ్చు. దిగే విమానానికి దారి చూపే దాని అప్రోచ్ లైట్లు రన్‌వే అవతల 900 మీటర్ల దాకా పోతాయి. ఆ పట్టీ భూమిని మొదట్లో మరిచిపోయి, తర్వాత రైతు దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

అగ్నిమాపక దళం ఎవరిదో తేల్చాలి. విమానం పొడవును బట్టి అగ్నిమాపక ఏర్పాటుకు శ్రేణులుంటాయి. ఏటీఆర్-72కు ఐదో శ్రేణి చాలు, అంతకన్నా పెద్దదైన ఏ320 జెట్ రావాలంటే ఆరో శ్రేణి కావాలి. అంటే రెండు వాహనాలు, 7,900 లీటర్ల నీళ్లు, రన్‌వే ఏ చివరికైనా 3 నిమిషాల లోపు చేరడం. వాయుసేన వాహనం శిక్షణ విమానం వైపు పరుగెత్తిన క్షణంలో పౌర విమానాలకు శ్రేణి పడిపోతుంది, అప్పుడు ప్రయాణికుల విమానం దిగడానికి లేదు. కాబట్టి పౌర పక్షానికి సొంత వాహనం ఒకటైనా ఉండాలి. మే నెలలో బోర్లు ఎండినా తరగని ట్యాంకు కట్టాలి.

పక్షుల గురించి గట్టిగా చెప్పాలి. చుట్టూ నీళ్లున్నాయి. కోయిల్‌సాగర్, సరళాసాగర్, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల్లో కరివెన జలాశయం, వాటి కింద పెరిగే వరి. నాట్లకు ట్రాక్టర్ దమ్ము చేస్తుంటే వెనక తెల్ల కొంగలు పదుల్లో దిగుతాయి. అవి పొలం నుంచి పొలానికి లేచే ఎత్తూ, విమానం దిగుతూ వచ్చే ఎత్తూ ఒకటే. రన్‌వే పక్క బోడి నేల మీద తీతువులు గుడ్లు పెడతాయి, విమానం దగ్గరికి వచ్చేదాకా కదలవు, ఆఖరి క్షణంలో ఎగురుతాయి. గడ్డి 15, 20 సెంటీమీటర్లు ఉంచితే తీతువులు తగ్గుతాయి, అంతకన్నా పెరగనిస్తే ఎలుకలు చేరతాయి, వాటి కోసం గద్దలు వస్తాయి. ఒక పక్క పౌర సిబ్బంది గడ్డి ఉంచి, అవతలి పక్క సైన్యం నున్నగా కోసేస్తే పక్షులు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మారతాయంతే. ఒకే ఎత్తు, ఒకే కోత తేదీలు రాసుకోవాలి.

ఎయిర్‌క్రాఫ్ట్ నిబంధనల్లో 91వది విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్లలో పశువులను కోయడం, తోలు తీయడం, పక్షులను పిలిచే చెత్త వేయడం నిషేధిస్తుంది. ఆ పరిధిలో ఎన్ని గ్రామ పంచాయతీలు, హైవే పక్క ఎన్ని చికెన్ దుకాణాలు ఉన్నాయో లెక్క తీయండి. దుకాణం మూయించడం తేలిక, పద్ధతి కాదు. మూసిన షెడ్డు, మూత డబ్బాలు, రోజూ వ్యర్థాలు తీసుకెళ్లే బండి ప్రభుత్వమే ఏర్పాటు చేయాలి. ఆ ఖర్చు విమానాశ్రయం ఖర్చులో భాగం.

ఇక భూమి. రన్‌వే పొడవు 2,000 మీటర్లయితే, రెండు చివరలా 60 మీటర్ల చొప్పున స్ట్రిప్ (రన్‌వే చుట్టూ చదునుగా వదిలే నేల), 240 మీటర్ల చొప్పున భద్రతా ప్రాంతం కలిపి 2,600 మీటర్లు. వెడల్పు 280 మీటర్లు. అంటే 180 ఎకరాలు. 3,000 మీటర్ల రన్‌వేకు 250 ఎకరాల లోపే. దీనికి టెర్మినల్, ఏప్రన్, రోడ్లు, అప్రోచ్ లైట్ల పట్టీ కలపండి. అంతకు మించి అడిగే ప్రతి ఎకరం దేనికో, హ్యాంగర్లకా, నివాసాలకా, ఆయుధ నిల్వకా, భవిష్యత్తు పేరుతో పెట్టుకోవడానికా అన్నది సర్వే నంబర్ల వారీగా చూపాలి. వాయుసేన భద్రత దృష్ట్యా చెప్పలేనివి ఉంటాయి, కానీ ఎంత భూమి అన్నది రహస్యం కాదు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. 2013 భూసేకరణ చట్టానికి తెలంగాణ చేసుకున్న సవరణలో, దేశ రక్షణకు అవసరమైన ప్రాజెక్టులతో పాటు కొన్ని మౌలిక వసతుల పనులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలుంది. ఆ వీలును గుడిబండలో వాడకండి. రోజుకు రెండు ప్రయాణికుల విమానాలు నడిపే చోటికి రక్షణ పేరు పెట్టి అంచనా తప్పించడం న్యాయం కాదు. పట్టా ఉన్న రైతుకు పరిహారం వస్తుంది. అసైన్డ్ భూమి దున్నుకునేవాళ్లు, కౌలుకు చేసే రైతులు, యాసంగిలో ఆ పొలాల్లో కూలికి పోయే ఆడవాళ్లు ఆ అంచనాలోనే లెక్కకు వస్తారు. అది లేకపోతే వాళ్లు ఏ కాగితంలోనూ ఉండరు. వలసల జిల్లా ఇది, మళ్లీ ముంబై బస్సు ఎక్కించకండి.

భూమి పోనివాళ్ల మీద కూడా ఆంక్షలు పడతాయి. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల దాకా ఎత్తు నియమాలున్నాయి. రక్షణ రన్‌వే అయితే ఇంటికి, సెల్ టవర్‌కు అనుమతి ఇచ్చేది వాయుసేన. 1903 నాటి రక్షణ పనుల చట్టం కింద ప్రహరీ అవతల కొంత దూరం కట్టడాలు నిషేధించవచ్చు, ఆయుధ నిల్వల చుట్టూ ఆ దూరం ఇంకా పెరుగుతుంది. హైవే పక్క విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు ఇవేవీ చెప్పరు. ఏ సర్వే నంబర్‌లో ఎన్ని అడుగుల దాకా కట్టుకోవచ్చో చూపే రంగుల మ్యాపును ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద, రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో పెట్టండి.

పత్తి రైతుకు డ్రోన్ ఇబ్బంది వస్తుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయరాదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అనుమతి లేకుండా 200 అడుగులు మించరాదు. మందు కొట్టే డ్రోన్ పది, పదిహేను అడుగుల ఎత్తు దాటదు. శిక్షణ లేని మధ్యాహ్నం తర్వాతి వేళల్లో, మండలాల వారీగా ఒకే అనుమతితో మందు కొట్టుకునే ఏర్పాటు చేస్తే ఎవరికీ నష్టం లేదు. కోళ్ల ఫారాల మీదుగా, బడుల మీదుగా సర్క్యూట్ వెళ్లకుండా జనావాసం తక్కువున్న వైపు తిప్పండి. పదో తరగతి పరీక్షలు జరిగే గంటల్లో తక్కువ ఎత్తు శిక్షణ ఆపండి.

చివరిగా శంషాబాద్ షరతు. 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న అక్కడి ఒప్పందంలోని నిబంధన వల్ల మామునూరుకు ఆ విమానాశ్రయ నిర్వాహకుల నిరభ్యంతర పత్రం కావాల్సి వచ్చింది. బీదర్ వాయుసేన స్థావరంలోనూ ఆ నిబంధన అడ్డొచ్చి పౌర సర్వీసులు ఏళ్ల తరబడి ఆగి, 2020 ఫిబ్రవరి 7న గానీ మొదలు కాలేదు. గుడిబండ కూడా ఆ పరిధిలోనే ఉంది. ఆ పత్రం చేతికి రాకముందు ఒక్క గుంట భూమి కూడా సేకరించవద్దు.

మేము అడుగుతున్న వరుస ఇది: ముందు నిరభ్యంతర పత్రం, వేడికి తగిన రన్‌వే పొడవు అధ్యయనం. తర్వాత రన్‌వే యాజమాన్యం, వేళలు, ఆలస్యం, మరమ్మతులు, అగ్నిమాపక బాధ్యతలతో ఉమ్మడి వాడక ఒప్పందం ముసాయిదా. దాన్ని తెలుగులో అచ్చువేసి గుడిబండ, చుట్టుపక్కల ఊళ్ల గ్రామసభల ముందు పెట్టండి, అభ్యంతరాలకు 60 రోజుల గడువివ్వండి. ఆ తర్వాతే సర్వే రాళ్లు పాతండి. ముసాయిదా రాయడంలో సాంకేతిక సాయం కావాలంటే, ఏ రోజు పిలిచినా ఖర్చు ఆశించకుండా వచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
విమానాల రాకపోకల నియంత్రణ, రన్‌వే విద్యుత్, అగ్నిమాపక విభాగాల్లో పనిచేసి విరమించిన
మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ జిల్లాల వాసులం